పెరట్లో రెండో ఇల్లు: జోనింగ్ ఒప్పుకుంది, డీడ్ ఒప్పుకుంటుందా?

ఈ నెల పాఠకుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం అమెరికా పడమటి తీరం నుంచి వచ్చాయి. ఇంటి స్థలంలోనే సొంత తలుపు, వంటిల్లు, స్నానాలగదితో కట్టుకునే రెండో చిన్న ఇంటిని అక్కడ ఏడీయూ అంటారు. కాలిఫోర్నియాలో దీని చట్టం గవర్నమెంట్ కోడ్ 66310 నుంచి 66342 వరకు ఉంది. 2024 మార్చి 25కు ముందు ఇదే చట్టం 65852.2 అనే నంబరుతో ఉండేది, అందుకే పాత కాగితాల్లో ఆ నంబరే కనిపిస్తుంది. మామూలు ఇంటివాళ్ళకి ఇందులో పెద్ద చిక్కు లేదు. అందుబాటు ధరల పథకం కింద వచ్చిన ఇళ్ళకి, అపార్ట్‌మెంట్లకి మాత్రం ఉంది. ఈసారి వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: సిటీ లాటరీలో బీఎంఆర్ ఇల్లు, అంటే మార్కెట్ ధర కంటే తక్కువకి ఇచ్చే ఇల్లు, కొనుక్కున్నాం. విడి ఇల్లే, వెనక మంచి పెరడుంది. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉండటానికి 600 చదరపు అడుగుల్లో చిన్న ఇల్లు కట్టాలనుకుంటున్నాం. ప్లానింగ్ కౌంటర్లో అడిగితే జోనింగ్ ప్రకారం, అంటే ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే సిటీ నియమాల ప్రకారం, అభ్యంతరం లేదన్నారు. హౌసింగ్ విభాగం వాళ్ళేమో ముందు మా అనుమతి కావాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, ఈస్ట్ బే

జవాబు: ఇద్దరిదీ వినాలి. వాళ్ళు మాట్లాడుతున్నది రెండు వేరు వేరు కాగితాల గురించి.

ప్లానింగ్ వాళ్ళు చెప్పింది నిజమే. మీ పెరట్లో 800 చదరపు అడుగుల వరకు, పక్కన, వెనక నాలుగేసి అడుగులు వదిలి కట్టే ఏడీయూని సిటీ కాదనలేదు. స్థలం చిన్నదనీ, కట్టిన విస్తీర్ణం పరిమితి దాటుతుందనీ, ముందు సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, చాలదనీ చెప్పి ఆపడానికి చట్టం ఒప్పుకోదు. పబ్లిక్ హియరింగ్ ఉండదు. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో అనుమతి అయినా ఇవ్వాలి, లేదా లోపాలన్నీ, వాటిని సరిదిద్దే పద్ధతీ రాసి తిరస్కరించాలి. ఈ రెండూ చేయకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

హౌసింగ్ విభాగం చెప్పేది మీరు ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం గురించి. తక్కువ ధరకి ఇచ్చినందుకు సిటీ ఆ ఇంటి మీద కొన్ని షరతులు పెట్టి కౌంటీ రికార్డర్ దగ్గర నమోదు చేస్తుంది. అవి జోనింగ్‌లో భాగం కావు, అందుకే ప్లానింగ్ కౌంటర్లో ఆ మాట రాదు. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇంటి యజమానుల సంఘం, పెట్టే షరతుల్ని ఏడీయూ చట్టం కొట్టేస్తుందని మీరు విని ఉంటారు. ఆ రక్షణ సిటీతో చేసుకున్న ధరల ఒప్పందానికీ వర్తిస్తుందనుకుని పని మొదలుపెట్టకండి.

ఇల్లు మీ పేరున మారిన క్లోజింగ్ రోజున ఎస్క్రో, అంటే కొనుగోలు డబ్బూ కాగితాలూ మధ్యలో ఉండి చూసిన సంస్థ, ఇచ్చిన కాగితాల కట్ట బయటికి తీయండి. దొరక్కపోతే టైటిల్ కంపెనీని ప్రిలిమినరీ టైటిల్ రిపోర్టు అడగండి, మీ ఇంటి మీద నమోదైన పత్రాల జాబితా అందులో వస్తుంది. రీసేల్ రిస్ట్రిక్షన్ అగ్రిమెంట్ (తిరిగి అమ్మడం మీద షరతులు), సిటీ పేరున ఉన్న డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటి మీద సిటీ హక్కు పత్రం), ఈ రెండూ పూర్తిగా చదవండి.

అన్నిటికన్నా ముందు తిరిగి అమ్మే ధర ఎలా కడతారో చూడండి. జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఉదాహరణకి 4,00,000 డాలర్లకి కొన్నారు, ధర ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంతో పాటు పెరుగుతుందని రాసి ఉంది అనుకుందాం. ఆదాయం 10 శాతం పెరిగితే మీరు అమ్మగలిగేది 4,40,000కి. మధ్యలో 2,00,000 పెట్టి ఏడీయూ కట్టినా, మెరుగులకి లెక్క ఇస్తామని ఒప్పందంలో లేకపోతే ధర 4,40,000 దగ్గరే ఆగుతుంది. కొన్ని ఒప్పందాల్లో మెరుగుల ఖర్చు కలుపుతామని ఉంటుంది, కానీ పని మొదలుపెట్టకముందే రాతపూర్వక అనుమతి తీసుకుని ఉండాలనీ, తరుగుదల తీసేస్తామనీ షరతులుంటాయి. కట్టాక వెళ్ళి అడిగితే ఆ లెక్క రాదు.

తర్వాత అప్పు సంగతి. ఏడీయూ కోసం రీఫైనాన్స్ చేసినా, ఇంటి మీద రెండో లోను తీసుకున్నా సిటీ తన హక్కుని బ్యాంకు హక్కు వెనక్కి జరపడానికి ఒప్పుకోవాలి. దానికి విడిగా దరఖాస్తు, ఫీజు, గరిష్ఠ అప్పు పరిమితి ఉంటాయి. అద్దె విషయంలో మీకు ఇప్పుడు ఇబ్బంది ఉండకపోవచ్చు, మీవాళ్ళే ఉంటారు కాబట్టి. రేపు వాళ్ళు ఊరెళ్ళాక అద్దెకిద్దామనుకుంటే మాత్రం ఇంటిలో ఏ భాగమూ అద్దెకివ్వరాదన్న వాక్యం ఉందేమో చూడాలి.

ఈ మూడూ చదివాక హౌసింగ్ విభాగానికి ఈమెయిల్లో రాయండి: ఎన్ని చదరపు అడుగులు, ఎంత ఖర్చు, డబ్బు ఎక్కడినుంచి, ఎవరుంటారు. జవాబు రాతలో తీసుకోండి. ఆర్కిటెక్టుకి అడ్వాన్సు ఇవ్వడం ఆ తర్వాతి మాట. ధర లెక్కలో ఏడీయూ కలవదని తేలితే, పెరట్లో కొత్తగా కట్టే బదులు ఇంటి గోడల లోపలే 500 చదరపు అడుగులు మించకుండా జూనియర్ ఏడీయూ చేసుకోవడం మేలు. ఖర్చు తక్కువ కాబట్టి పోయేదీ తక్కువే. దానికి యజమాని అక్కడే ఉండాలన్న షరతు వర్తించినా మీకు ఇబ్బంది లేదు, మీ ఒప్పందం మిమ్మల్ని ఎలాగూ అక్కడే ఉండమంటుంది.

మీ బీఎంఆర్ ఇల్లు కాండో, అంటే సముదాయంలో విడిగా కొన్న ఫ్లాటు లాంటిది, అయి ఉంటే జవాబు వేరుగా ఉండేది. కాండోలో నేల ఉమ్మడిది, పెరడుగా వాడుకుంటున్న చోటు కూడా చాలాసార్లు మీది కాదు.

ప్రశ్న: మా ఇంటికి విడిగా 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గ్యారేజీ ఉంది, వెనక హద్దుకి రెండడుగుల దూరంలో. దాన్నే ఏడీయూగా మార్చుకుంటే చౌకలో అయిపోతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. నాలుగడుగుల సెట్‌బ్యాక్ లేదు కదా, ఒప్పుకుంటారా?
— ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: ఒప్పుకుంటారు. ఉన్న కట్టడాన్ని మార్చినా, పడగొట్టి అదే చోట అదే కొలతల్లో మళ్ళీ కట్టినా సెట్‌బ్యాక్ అడగరు. పోయిన గ్యారేజీకి బదులు పార్కింగ్ చూపించమనీ అడగకూడదు. కూల్చివేత అనుమతి కావలసివస్తే దాన్ని ఏడీయూ దరఖాస్తుతో కలిపే చూడాలి, విడిగా తిప్పకూడదు.

చౌక అన్న మాట మాత్రం నేల చూశాక అనాలి. జోనింగ్ వదిలేసినదాన్ని బిల్డింగ్ కోడ్ వదలదు. హద్దుకి మూడడుగుల లోపల ఉన్న గోడకి కిటికీ, తలుపు, వెంటిలేషన్ రంధ్రం ఏదీ పెట్టనివ్వరు. ఆ గోడ గంటసేపు మంటని ఆపేలా కట్టాలి. అంటే మీ వెనక గోడ మొత్తం మూసి ఉంటుంది. పడగ్గది అటువైపు గీసిన ప్లాన్ తిరిగొస్తుంది, ఎందుకంటే పడగ్గదికి తప్పించుకునే కిటికీ ఉండి తీరాలి: తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ (నేలమట్టం అంతస్తులో 5 చాలు), కనీసం 24 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు, కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. అందుకని పడగ్గది పెరటి వైపుకి, బాత్రూము, కప్‌బోర్డులు మూసిన గోడవైపుకి గీయించండి.

గ్యారేజీ నేల తలుపువైపుకి వాలి ఉంటుంది, కారు నుంచి కారిన నీళ్ళు బయటికి పోవాలని. పాతవాటిలో కాంక్రీటు కింద తేమ ఆపే ప్లాస్టిక్ పొర ఉండదు. అలాగే లామినేట్ పరిస్తే మొదటి వానాకాలానికే అంచులు లేస్తాయి. పైన తేమ పొర వేసి, మట్టం చేసి, అప్పుడు నేల వేయాలి. అలా లేపిన ప్రతి అంగుళం పైకప్పు ఎత్తులోంచి పోతుంది, పూర్తయ్యాక నేల నుంచి సీలింగ్‌కి కనీసం 7 అడుగులు మిగలాలి. పైన ఇన్సులేషన్, షీట్ రాక్ మందం కూడా లెక్కలో వేసుకోండి.

పెద్ద తలుపున్న చోట కొత్త గోడ వస్తుంది. చాలా గ్యారేజీల్లో ఆ ద్వారం కింద పునాది ఉండదు, పల్చటి స్లాబు అంచే ఉంటుంది. అక్కడ స్లాబు కోసి పునాది పోయాలని ఇంజనీర్ అంటే అది న్యాయమైన ఖర్చే. డ్రైవ్‌వే నీళ్ళు ఆ గోడ అడుగుకి రాకుండా బయట కాలువ కూడా పెట్టించండి.

కాంట్రాక్టర్ కొటేషన్‌లో తరచూ కనిపించనిది మురుగు గొట్టం. పైపు అడుగుకి పావు అంగుళం చొప్పున వాలాలి. గ్యారేజీ నుంచి మెయిన్ లైన్ 40 అడుగులుంటే 10 అంగుళాల వాలు కావాలి. కలిసే చోట మీ పాత లైన్ అంతకంటే పైన ఉంటే నీళ్ళు ఎత్తి పోసే పంపు పెట్టాల్సిందే, దానికి కరెంటు, నిర్వహణ, చప్పుడు అన్నీ ఉంటాయి. ప్లంబర్‌ని పిలిచి ఆ లోతు కొలిపించాకే ధర మాట్లాడండి. అలాగే ఇంటికి 100 ఆంపుల పాత ప్యానెల్ ఉంటే లోడ్ లెక్క వేయించండి. ప్యానెల్ మార్చాలంటే విద్యుత్ కంపెనీ వంతు కోసం ఎదురుచూపు సిటీ అనుమతి కంటే ఎక్కువ కాలం పట్టొచ్చు, కాబట్టి ఆ దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టాలి.

ఈ మార్పులో ఒక లాభం: సోలార్ పలకలు తప్పనిసరి కాదు. కొత్తగా విడిగా కట్టే ఏడీయూకి కాలిఫోర్నియా ఇంధన కోడ్ వాటిని అడుగుతుంది. ప్రధాన ఇంటికి ఫైర్ స్ప్రింక్లర్లు అవసరం లేనప్పుడు ఏడీయూకి కూడా అడగకూడదు.

ప్రశ్న: నాలుగడుగులు వదిలి గీయించాం, చట్టంలో ఉన్నదే. అయినా ప్లాన్ చెకర్ ఆ గోడ మీద అభ్యంతరాలు రాశాడు. ఇదేం న్యాయం?
— ఒక పాఠకుడు, ఎల్క్ గ్రోవ్

జవాబు: నాలుగడుగులు జోనింగ్ అంకె. మంటల విషయంలో కోడ్ గీత ఐదడుగుల దగ్గర ఉంది. స్ప్రింక్లర్లు లేని ఇంట్లో హద్దుకి ఐదడుగుల లోపలున్న గోడకి గంట రేటింగ్ కావాలి. మూడు నుంచి ఐదడుగుల మధ్య కిటికీలు, తలుపులు ఆ గోడ విస్తీర్ణంలో 25 శాతం దాటకూడదు. 20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడ 160 చదరపు అడుగులు, అందులో 40 వరకు కిటికీలకి వాడుకోవచ్చు. రెండు మామూలు కిటికీలకి అది చాలు, పెద్ద జారుడు తలుపు పెడితే లెక్క తప్పుతుంది. గోడ దాటి బయటికి వచ్చిన చూరు అడుగు భాగానికీ అదే గంట రక్షణ కావాలి.

చోటుంటే ఐదడుగులకి జరపండి, ఈ బాధలన్నీ ఒక్కసారి పోతాయి. ఇంకో మాట, వెనక హద్దు వెంట కరెంటు, మురుగు లైన్ల కోసం ఈజ్‌మెంట్, అంటే మీ స్థలాన్ని వాడుకునే ఇతరుల హక్కు, ఉంటే దాని మీద కట్టే హక్కు నాలుగడుగుల నియమం మీకివ్వదు.

ప్రశ్న: శాక్రమెంటో దగ్గర ఒక లాభాపేక్ష లేని సంస్థ బోర్డులో ఉన్నాను. మాకు ట్యాక్స్ క్రెడిట్లతో, అంటే పెట్టుబడిదారులకి పన్ను తగ్గించే పథకం కింద, కట్టిన 40 యూనిట్ల అందుబాటు ధరల అపార్ట్‌మెంట్ ఉంది. రెండంతస్తులు, వెనక కార్‌పోర్టులు, వాడని స్టోర్‌రూములు, ఒక లాండ్రీ గది. వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. ఏడీయూల కింద ఎన్ని కొత్త ఇళ్ళు రాబట్టగలం? జోన్‌లో అనుమతించిన సాంద్రత ఇప్పటికే నిండిపోయింది.
— ఒక పాఠకురాలు

జవాబు: సాంద్రత గురించి బెంగ వద్దు. చట్టం ప్రకారం ఏడీయూలు ఆ లెక్కలోకి రావు.

అంకెలు ఇలా వస్తాయి. నివాసానికి వాడని చోట్లని, అంటే స్టోర్‌రూములు, బాయిలర్ గదులు, నడవాలు, అటకలు, బేస్‌మెంట్లు, గ్యారేజీల్ని, ఉన్న యూనిట్లలో 25 శాతం వరకు ఇళ్ళుగా మార్చవచ్చు. మీకు 10. దీనికి తోడు అదే స్థలంలో విడిగా కొత్తవి కట్టవచ్చు. 2025 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 1211 అనే రాష్ట్ర చట్టం ఆ సంఖ్యని రెండు నుంచి ఎనిమిదికి పెంచింది, ఉన్న యూనిట్ల కంటే ఎక్కువ కాకుండా. మీకు పూర్తిగా 8 వస్తాయి. కార్‌పోర్టులు తీసేసినా, పైకప్పు లేని పార్కింగ్ గళ్ళు తీసేసినా బదులు చూపమని సిటీ అడగకూడదు. మీది రెండంతస్తుల భవనం కాబట్టి విడి యూనిట్ల ఎత్తు 18 అడుగుల వరకు వెళ్ళవచ్చు.

ఈ ఎనిమిది ఇప్పటికే నిలబడి ఉన్న భవనాలకే. ఇంకా కాగితం మీదున్న కొత్త ప్రాజెక్టుకి రెండే. అందుకే మీ సంస్థ కొత్తగా కడుతున్న చోట్ల కూడా ఏడీయూలకి అనువైన ఖాళీని, మురుగు గొట్టాన్ని, కరెంటు పైపుల్ని ముందే ఉంచుకోవడం మంచిది.

ఇక కాగితం మీద 18 ఇళ్ళు కనిపిస్తున్నా నేల మీద అన్ని పట్టవు. మొదట ఫైర్ మార్షల్‌కి సైట్ ప్లాన్ చూపించండి. అగ్నిమాపక వాహనం వెళ్ళే దారి 20 అడుగుల వెడల్పు తగ్గకూడదు. భవనం బయటి గోడల్లో ప్రతి భాగమూ ఆ దారి నుంచి 150 అడుగుల హోస్‌కి అందాలి. కార్‌పోర్టుల వరస తీసి అక్కడ ఇళ్ళు పెడితే చాలా స్థలాల్లో వెనక మూల ఈ 150కి అందదు. పార్కింగ్ తగ్గించే హక్కున్నా, వికలాంగులకి కేటాయించిన గళ్ళు ముట్టుకోకూడదు. ఫెడరల్ సొమ్ము ఉన్న, ఐదు లేదా అంతకు మించి యూనిట్లున్న కొత్త నిర్మాణంలో 5 శాతం చక్రాల కుర్చీకి, మరో 2 శాతం వినికిడి, చూపు సమస్యలున్నవారికి అనువుగా ఉండాలన్న నియమం మీకు వర్తిస్తుందో లేదో ప్లాన్ గీయకముందే తేల్చుకోండి.

అసలు పరీక్ష మీ రెగ్యులేటరీ అగ్రిమెంట్, అంటే అద్దెల మీద ఆంక్షలు పెట్టిన ఒప్పందం. కాలిఫోర్నియాలో ట్యాక్స్ క్రెడిట్ ప్రాజెక్టుల మీద ఆంక్షలు సాధారణంగా 55 ఏళ్ళు ఉంటాయి. ఆ ఒప్పందం భవనానికి రాశారా, స్థలం మొత్తానికి రాశారా అన్నది అందులోని లీగల్ డిస్క్రిప్షన్, అంటే స్థల వివరణ, చదివితే తెలుస్తుంది. స్థలం మొత్తానికి రాసి ఉంటే కొత్త ఏడీయూలు కూడా అద్దె పరిమితుల కిందికి వస్తాయి. మీ ఉద్దేశం ఎలాగూ అదే కాబట్టి అది నష్టం కాదు, కానీ అప్పు తీర్చే లెక్క ఆ అద్దెతోనే వేయాలి.

లాండ్రీ గది జోలికి వెళ్ళేముందు మీ ఆడిటర్‌తో మాట్లాడండి. క్రెడిట్లు లెక్కకట్టినప్పుడు, అద్దెదారులందరికీ విడిగా రుసుము లేకుండా ఇచ్చిన ఉమ్మడి వసతుల ఖర్చుని కూడా ఎలిజిబుల్ బేసిస్‌లో, అంటే క్రెడిట్ల లెక్కలోకి వచ్చే ఖర్చులో, కలిపి ఉంటారు. ఆ గదిని మార్చేస్తే ఆ బేసిస్ తగ్గిందని చూడొచ్చు, మొదటి 15 ఏళ్ళలోపు అయితే పెట్టుబడిదారు క్రెడిట్లు కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. అలాగే అదే భవనంలో చేర్చిన కొత్త యూనిట్‌ని మార్కెట్ అద్దెకిస్తే తక్కువ ఆదాయ యూనిట్ల నిష్పత్తి పడిపోతుంది. స్టోర్‌రూములతో మొదలుపెట్టి, లాండ్రీని వదిలేయమనే మా సలహా. అద్దెదారుల వసతి తీసి ఇంకో ఇల్లు చేయడం అక్కడ ఉంటున్నవాళ్ళకి న్యాయం కూడా కాదు.

అనుమతుల వరస తారుమారు చేయకండి. ముందు పెట్టుబడిదారు, తర్వాత ట్యాక్స్ క్రెడిట్ కమిటీ, అప్పిచ్చిన బ్యాంకు, రాష్ట్ర లేదా కౌంటీ రుణం ఉంటే వాళ్ళు. ఇవన్నీ రాతలో వచ్చాక సిటీకి వెళ్ళండి. సిటీ అనుమతి 60 రోజుల పని, అది ముందు తెచ్చేసుకుందామని అనిపిస్తుంది. కానీ బిల్డింగ్ పర్మిట్ తీసుకున్నాక 12 నెలల్లో పని మొదలుపెట్టకపోతే అది చెల్లదు. నాలుగు సంస్థల సమ్మతికి ఏడాది దాటడం విడ్డూరం కాదు.

ప్రశ్న: ఏడీయూ 749 చదరపు అడుగులకే ఆపమని అందరూ అంటున్నారు. అంత తేడా ఉంటుందా?
— ఒక పాఠకుడు, డబ్లిన్, కాలిఫోర్నియా

జవాబు: 750 కంటే తక్కువైతే ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త ఇంటి వల్ల ఊరి వసతుల మీద పడే భారానికి కట్టించుకునే ఫీజు, ఉండదు. 750 దాటితే ప్రధాన ఇంటి విస్తీర్ణంతో నిష్పత్తిలో కట్టాలి. 2,000 చదరపు అడుగుల ఇంటికి 20,000 డాలర్ల ఫీజు అనుకుంటే, 1,000 చదరపు అడుగుల ఏడీయూకి 10,000 పడుతుంది. స్కూలు ఫీజు ఇందులో కలవదు, దాని లెక్క వేరు. పర్మిట్, ప్లాన్ చెక్ ఫీజులు ఎంత చిన్నదానికైనా ఉంటాయి. అమ్మానాన్నలకి రెండో పడగ్గది నిజంగా అవసరమైతే ఫీజు కోసం ఇల్లు కుదించకండి. ఒక పడగ్గది మించితే 1,000 చదరపు అడుగుల కంటే తక్కువ గరిష్ఠ పరిమితి పెట్టే అధికారం సిటీకి లేదు.

ప్రభుత్వ గ్రాంటు ఇప్పిస్తామని ఫోన్లు వస్తున్నాయని కూడా రాశారు. కాల్‌హెచ్‌ఎఫ్‌ఏ, అంటే కాలిఫోర్నియా గృహ రుణ సంస్థ, ఇచ్చిన 40,000 డాలర్ల గ్రాంటు నిధులు 2023లోనే అయిపోయాయి. ముందుగా డబ్బు అడిగేవాళ్ళకి పైసా ఇవ్వకండి.

ప్రశ్న: శాన్ డియేగోలో పెట్టుబడిగా ఒక ఇల్లు కొన్నాం. ఒక ఏడీయూని అందుబాటు అద్దెకిస్తే ఇంకోటి ఉచితంగా కట్టుకోనిస్తారని, అలా ఎన్నైనా కట్టవచ్చని ఏజెంటు చెప్పాడు.
— ఒక పాఠకుడు

జవాబు: పథకం నిజం, ఎన్నైనా అన్నది పాతమాట. అక్కడి బోనస్ పథకంలో తక్కువ, అతి తక్కువ ఆదాయం వారికి 10 ఏళ్ళు, మధ్యస్థ ఆదాయం వారికి 15 ఏళ్ళు కేటాయిస్తూ డీడ్ రాసిస్తే ఒక్కోదానికి ఒక్కో అదనపు ఏడీయూ వచ్చేది. రవాణా దగ్గరున్న చోట్ల పైన పరిమితి ఉండేది కాదు. ఒక్క ఇంటి స్థలంలో పదుల సంఖ్యలో కట్టే ప్రతిపాదనలు రావడంతో 2025లో సిటీ కౌన్సిల్ పరిమితులు తెచ్చింది: 8,000 చదరపు అడుగుల వరకు స్థలానికి మొత్తం నాలుగు, 10,000 వరకు ఐదు, ఆ పైన ఆరు. మీ జోన్‌కి పథకం ఇప్పుడు వర్తిస్తుందో లేదో సిటీలో పార్సెల్ నంబరిచ్చి అడిగాకే లెక్కలు వేయండి.

రాసిచ్చిన యూనిట్‌లో ఆదాయ పరిమితికి లోబడినవాళ్ళే ఉండాలి, ఏటా లెక్క చూపాలి. ఇల్లు అమ్మినా ఆ షరతు కొన్నవాళ్ళకి వెళ్తుంది. ఇది పేదవాళ్ళ నీడ కోసం ఇచ్చిన వెసులుబాటు. దాన్ని ఖాళీగా ఉంచి బోనస్ యూనిట్ ఒక్కటే అద్దెకిచ్చుకోవాలన్న ఆలోచన ఉంటే ఈ పథకం జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: సమామిష్‌లో ఉంటాం. వాషింగ్టన్‌లో ఒక స్థలంలో రెండు ఏడీయూలు కట్టవచ్చని చట్టం వచ్చిందన్నారు. మా హెచ్‌ఓఏ కుదరదంటూ ఉత్తరం పంపింది. కాలిఫోర్నియాలో ఉన్న మా తోడికోడలు అలాంటి ఉత్తరాలు చెల్లవంటోంది.
— ఒక పాఠకురాలు

జవాబు: మీ తోడికోడలికి ఆమె రాష్ట్రంలో అది నిజం. ఒక్క కుటుంబపు ఇళ్ళ స్థలాల్లో ఏడీయూని నిషేధించే, అడ్డగోలుగా ఆపే హెచ్‌ఓఏ నిబంధనలు కాలిఫోర్నియాలో చెల్లవు. రంగు, పైకప్పు లాంటివాటి మీద సహేతుకమైన నియమాలు మాత్రం పెట్టుకోవచ్చు.

మీకు వర్తించే వాషింగ్టన్ చట్టం, హెచ్‌బీ 1337, అలా రాయలేదు. పట్టణ వృద్ధి పరిధిలో ఒక్క కుటుంబపు ఇళ్ళకి అనుమతున్న స్థలాల్లో రెండేసి ఏడీయూలు ఒప్పుకోవాలనీ, 1,000 చదరపు అడుగుల కంటే తక్కువకి పరిమితి పెట్టరాదనీ, ఇంపాక్ట్ ఫీజు ప్రధాన ఇంటి ఫీజులో సగం మించరాదనీ, యజమాని అక్కడే ఉండాలనరాదనీ సిటీలకి చెప్పింది. హెచ్‌ఓఏల విషయంలో మాత్రం 2023 జులైలో చట్టం అమల్లోకి వచ్చాక రాసుకున్న నిషేధాలనే అడ్డుకుంది, పాతవాటిని కదిలించలేదు. కాబట్టి మీ సీసీ అండ్ ఆర్‌లు, అంటే హెచ్‌ఓఏ నమోదు చేసిన నిబంధనలు, ఏ తేదీన రికార్డయ్యాయో, ఆ వాక్యం మొదటి పత్రంలోనే ఉందా తర్వాత సవరణగా చేర్చారా అన్నది చూడండి. పాతదైతే సభ్యుల ఓటుతో మార్చుకోవడమే దారి. ఎంత శాతం ఓటు కావాలో అదే పత్రంలో ఉంటుంది. టెక్సస్ నుంచి రాసిన పాఠకులకి కూడా ఇక్కడే చెబుతున్నాం: అక్కడ సిటీల్ని కట్టడి చేసే ఇలాంటి రాష్ట్ర చట్టం లేదు, సిటీ జోనింగ్, హెచ్‌ఓఏ రెండూ ఒప్పుకోవాలి.

ప్రశ్న: ఏడీయూని విడిగా అమ్ముకోవచ్చా?
— ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: మీ ఊళ్ళో అవును. ఏబీ 1033 అనే రాష్ట్ర చట్టం కింద కాండోగా మార్చి అమ్మడానికి ఒప్పుకునే అధికారాన్ని సిటీలకి వదిలేశారు, 2024లో మొదట ముందుకొచ్చింది శాన్ హోసేనే. ప్రధాన ఇంటి మీద లోను ఉంటే ఆ బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, చాలామంది ఆగిపోయేది అక్కడే. తర్వాత రెండిళ్ళకీ కలిపి ఒక సంఘం, ఉమ్మడి ఖర్చుల ఒప్పందం, కాండో మ్యాప్ కావాలి.

లాభాపేక్ష లేని సంస్థలకి వేరే దారుంది, దానికి సిటీ ముందుకు రావక్కర్లేదు, రాష్ట్రమంతటా ఒప్పుకోవాల్సిందే. అర్హత ఉన్న సంస్థ కట్టిన ఇల్లు, ఏడీయూ అయితే దాన్ని తక్కువ లేదా మధ్యస్థ ఆదాయ కుటుంబానికి విడిగా అమ్మవచ్చు. స్థలం ఉమ్మడి యాజమాన్యంగా నమోదవుతుంది, ఎవరికి ఏ భాగమో ఒప్పందంలో ఉంటుంది, కనీసం 45 ఏళ్ళు అందుబాటు ధరలోనే అమ్మాలన్న షరతు ఉంటుంది. పైన అపార్ట్‌మెంట్ గురించి అడిగిన బోర్డు సభ్యురాలు తమ సంస్థ కొత్తగా కట్టబోయే విడి ఇళ్ళకి దీన్ని తప్పక పరిశీలించాలి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో తన పెరట్లో మాకోసం చిన్నిల్లు కట్టిస్తున్నాడు. మేం ఏడాదికి ఆరు నెలలే ఉంటాం. మిగతా ఆరు నెలలు యాత్రికులకి రోజువారీ అద్దెకిస్తే తప్పేమిటంటున్నాడు.
— ఒక తండ్రి, విజయవాడ

జవాబు: రోజువారీ అద్దె కుదరకపోవచ్చండి. ఏడీయూని 30 రోజులకి మించిన అద్దెకే ఇవ్వాలని షరతు పెట్టే అధికారం సిటీలకి ఉంది, చాలా సిటీలు పెట్టాయి కూడా. ఆరు నెలలకి రాతపూర్వక లీజు రాసి ఉద్యోగానికో చదువుకో వచ్చినవాళ్ళకి ఇవ్వమనండి. అబ్బాయి అదే స్థలంలో పెద్దింట్లో ఉంటూ రెండు యూనిట్లకి మించి అద్దెకివ్వకపోతే, కారణం చూపకుండా ఖాళీ చేయించరాదన్న రాష్ట్ర నియమం నుంచి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. కొన్ని సిటీల సొంత నియమాలు ఇంతకంటే కఠినం, వాటిని లీజుకి ముందే చూడమనండి. మీరు వచ్చే తేదీకి కనీసం నెల ముందు లీజు ముగిసేలా రాయించండి.